వేయిమైళ్ల అప్రదక్షిణము

మే మిచ్చట వ్రాయబోవునది తీర్థయాత్ర కాదు. దారిలో ఎన్నియో గోపురములు కనబడినను ఒక్కచోటనైన దిగి కొబ్బరికాయ కొట్టలేదు. బెజవాడలో మోటారు సైకిలెక్కి, హైదరాబాదు, కర్నూలు, అనంతపురము, బెంగుళూరు, వేలూరు, చెన్నపట్టణముల మీదుగ తిరిగి మరల బెజవాడలోనే దిగితిమి. మొత్తము సుమారు 1640 కిలోమీటర్లు, అనగా వేయిమైళ్లకు కొంచెము పైమాట. ఏ పని మీద పోయితిరని అడిగినవారికి ఇప్పటికిని మాకు సరియైన సమాధానము తోచదు.

మా వారు ఉన్నత పాఠశాలలో గణితోపాధ్యాయులు. ఈ యాత్రకు బీజము వారిది. అమెరికాలో ఐరన్ బట్ అసోసియేషన్ అను నొక సంఘము కలదు. ఆ పేరును తెనిగించుటకు మాకు సంకోచము. ఎంతసేపు కూర్చున్నను అరుగని పీఠభాగము గలవారి సంఘమని మీరే యూహించుకొనగలరు. 24 గంటలలో వేయిమైళ్లు మోటారు సైకిలుపై పోయి, బయలుదేరినప్పుడును చేరినప్పుడును సాక్షులచే సంతకములు చేయించి, దారిలో పెట్రోలు పోయించుకొన్న రసీదులను జతపరచి పంపినచో, వారు పరిశీలించి ప్రశంసాపత్ర మొసగుదురు. ఆ ప్రయాణమునకు వారిడిన పేరు ‘శాడిల్ సోర్’, అనగా జీనువలన గలిగిన పుండు. వెనుక కూర్చున్నవారికిని పత్రము కలదట. ఈ కడపటి మాట చెప్పియే మా వారు మమ్ము లోబరచుకొనిరి.

చిన్ననాడు మా తండ్రిగారి వద్ద భారతము చదువునపుడు, బాహుకుడు ఋతుపర్ణుని రథము నొక్క దినమున నూరు యోజనములు తోలిన కథ మాకు మిక్కిలి నచ్చెడిది. రాజు ఉత్తరీయము జారిపడగా, నిలుపుము, తెచ్చుకొందమనును. అది యప్పుడే యోజనము వెనుకబడినదని బాహుకుడనును. ఆ భాగము మరల మరల చదివించుకొనెడివారము. ఆ రథములో ఎవరికైన నిద్ర వచ్చెనో లేదో మా కప్పుడు తోచలేదు.

లెక్కలు మా వారి వృత్తియైనను ఇంటి లెక్కలు మావి. కాగితము తీసి లెక్క వేసితిమి. 2018వ సంవత్సరపు ప్రభుత్వ ప్రకటన ననుసరించి, నాలుగు వరుసల జాతీయ రహదారులపై మోటారు సైకిలు గంటకు 80 కిలోమీటర్లకు మించి పోరాదు. ఎచ్చటను నిలువక, కన్నార్పక, సరిగ 80 చొప్పున పోయినను 1640 కిలోమీటర్లకు ఇరువదిన్నర గంటలు పట్టును. మిగిలిన మూడున్నర గంటలలో పెట్రోలు పోయించుకొనవలెను, భోజనము చేయవలెను, మూడు మహానగరములు దాటవలెను. చట్టమును పాటించి యీ పని చేయుట మా దారులలో దాదాపు అసాధ్యమని తేలినది. కనుక 24 గంటల మాట విడిచి, సూళ్లూరుపేటలో రాత్రి నిద్రించి, 36 గంటలలో చుట్టి వచ్చుటకు ఒడంబడిక చేసికొంటిమి. పత్రము లేకపోయిన లేకపోనిండనిరి మా వారు. అంత సులభముగ ఒప్పుకొన్నప్పుడే మాకు అనుమానము కలుగవలసినది.

బయలుదేరు దినముగ 2024 జనవరి 13వ తేదిని వారు నిర్ణయించిరి. మరునాడు భోగి. పండుగ ముందు ఇల్లు విడుతురా యని అత్తగారికి కోపము. కాని వారి యుక్తి వారికి కలదు: సంక్రాంతికి హైదరాబాదునుండి జనమంతయు ఆంధ్రదేశమునకు వచ్చుదురు, మనము పోవు దిక్కున దారి ఖాళీగ నుండును, నగరము నిర్మానుష్యముగ నుండును. మా చిన్నపాపకు నాలుగేండ్లు. ఆదివారము సాయంకాలము భోగిపండ్లు పోయునప్పటికి తప్పక ఉండెదమని అత్తగారికి మాట యిచ్చితిమి. ఆమె పటము చూచి, వాయవ్యమునకు పోయి, దక్షిణమునకు దిగి, తూర్పునుండి పైకి వచ్చుటను వ్రేలితో త్రిప్పి చూచుకొని, “ఇది అప్రదక్షిణము. ఎడమచేతి తిరుగుడు” అనిరి. అట్లు కానిచో హైదరాబాదు మిట్టమధ్యాహ్నము తగులునని మా వారు విన్నవించిరి. ఆమె దీపమువద్దకు పోయి కుంకుమ తెచ్చి మాకును వాహనమునకును పెట్టినది.

వస్త్రముల విషయమున ఇరుగుపొరుగు పిన్నిగార్లు నాలుగు దినములు మాటలాడుకొనిరి. చీర గాలికెగిరి చక్రమున చిక్కుకొన్న ప్రమాదములు మనమందరము విన్నవే. మేము సల్వారు కమీజు, దానిపై మందపు కోటు, మోకాళ్లకు తొడుగులు, బూట్లు వేసికొంటిమి. ఇద్దరికిని హెల్మెట్లు, వెనుకవారికి అక్కరలేదనుట మన దేశములో పొరపాటు, చట్టము ఇద్దరికిని సమానమే. 1916లో అమెరికాలో అగస్టా, అడెలీన్ వాన్ బ్యూరెన్ అను నక్కచెల్లెండ్రు చెరియొక మోటారు సైకిలుపై తూర్పుతీరమునుండి పడమటితీరమునకు రెండు నెలలలో పోయినపుడు, మగవారి దుస్తులు ధరించిరని దారిలోని చిన్న ఊళ్లలో వారిని పోలీసులు పట్టుకొనిరి. మాకు పోలీసులతో పని పడలేదు.

మా వాహనము 350 సి.సి. బులెట్టు. శుక్రవారము సాయంకాలము 7 గంటలకు పండుకొని, పట్టీపట్టని నిద్రతో 11 గంటలకు లేచి, అర్ధరాత్రి దాటిన పిమ్మట సరిగ 1 గంటకు బెజవాడలో పెట్రోలు పోయించుకొని బయలుదేరితిమి. రసీదును మా వారు మడిచి చొక్కా లోపలి జేబులో పెట్టుకొనుట చూచితిమి. ఇంటి ఖర్చు వ్రాసికొనుటకనుకొంటిమి.

ఆ రాత్రి చూచిన దృశ్యము మరువరానిది. మా ప్రక్క దారి నల్లగ, ఖాళీగ నుండెను. ఎదుటి ప్రక్కను జగ్గయ్యపేట మొదలు చౌటుప్పల్ దాక దీపముల వరుస తెగలేదు. కార్లు, బస్సులు, పైన పెట్టెలు కట్టిన బండ్లు, మాకు వలె మోటారు సైకిళ్లపై ముందొక బిడ్డను, నడుమ నొక బిడ్డను కూర్చుండబెట్టుకొన్న దంపతులు. చిల్లకల్లు, కొర్లపహాడ్, పంతంగి సుంకపు గేట్ల వద్ద అవి గుంపులుగ నిలిచియుండెను. ఊరంతయు ఇంటికి పోవుచుండగా మే మిద్దరమే ఇల్లు విడిచి పోవుచున్నట్లు తోచి మనసు కొంచెము చివుక్కుమనెను. సూర్యాపేట దాటిన పిమ్మట మంచు దిగెను. హెల్మెట్టు అద్దమును మాటిమాటికి తుడుచుకొనవలసి వచ్చెను.

హైదరాబాదు బయటి వలయ రహదారిపై ద్విచక్ర వాహనములకు ప్రవేశము లేదు. కనుక ఎల్బీనగరు మీదుగ ఊరిలోబడి, చాంద్రాయణగుట్ట, ఆరాంఘరు దాటి శంషాబాదు చేరితిమి. అప్పటికి 6 గంటలు. మా వారి యుక్తి ఫలించినది. పగలు గంటన్నర పట్టు దారి ముప్పాతిక గంటలో గడచినది.

షాద్‌నగరు దాటునప్పటికి ఎడమవైపున సూర్యోదయమైనది. బీచుపల్లి వద్ద కృష్ణను దాటితిమి. బెజవాడ కృష్ణ ఒడ్డున పుట్టి పెరిగినవారమైనను, ఆ నది నచ్చట రాళ్లనడుమ చూచినపుడు, పుట్టింటి మనిషి పరాయి ఊరిలో కనబడినట్లుండెను. అలంపురపు దారి ఎడమకు చీలినది. జోగులాంబకు బండిమీదనుండియే నమస్కరించితిమి. కర్నూలు వద్ద తుంగభద్ర. 1953 మొదలు 1956 వరకు ఆంధ్రరాష్ట్రమునకు రాజధానిగ నుండిన ఊరిలో రెండేసి ఇడ్డెనలు తిని అరగంటలో లేచితిమి.

ఇచ్చట సోదరీమణులకు ముఖ్యముగ చెప్పవలసిన సంగతి యొకటి కలదు. బయలుదేరినది మొదలు మేము నీరు త్రాగలేదు. ఎందుకో మీకు చెప్పనక్కరలేదు. పెట్రోలు బంకులలో త్రాగునీరు, మరుగుదొడ్డి ప్రజలకు ఉచితముగ నుండవలెనను నియమము కలదు. మేము నిలిచిన ఒక బంకులో ‘స్త్రీలకు’ అని వ్రాసిన గదికి తాళముండెను. తాళపుచెవి కొరకు ముగ్గురు మగవారి నడుగవలసి వచ్చెను. తెరచిన పిమ్మట లోపల నీరు లేదు. ఇంకొకచోట ఆ గదిలో చమురు డబ్బాలు నింపియుంచిరి. కనుక దాహమును బిగబట్టితిమి. గుత్తికోట కనబడునప్పటికి తలనొప్పి, కన్నులముందు మిణుగురులు. మా వారు సంగతి కనిపెట్టి బండి నిలిపి, సీసా చేతికిచ్చి, త్రాగునంతవరకు కదలమనిరి. ఒంటిలో నీరు తగ్గినచో అలసట, మాంద్యము కలుగునని బడిపిల్లలకు వారు చెప్పుచుందురు. ఇంటిలో చెప్పు అవసరము రాలేదు. ఆ తరువాత ప్రతి నిలుకడలోను నీరు త్రాగితిమి. బంకులకంటె పెద్ద ఫలహారశాలలలో వసతి మేలుగ నుండుట గమనించి, టీ త్రాగుట నెపముగ అచ్చటనే ఆగుచు వచ్చితిమి. ఈ యుపాయము ఏ ప్రయాణములోనైన మీకు పనికివచ్చును.

పామిడి వద్ద పెన్నను మొదటిసారి చూచితిమి. ఏరు అనుటకంటె ఇసుక యనవలెను. నడుమ సన్నని నీటిచాలు, దానిలో బట్టలుతుకువారు. పెనుకొండ దిగువ నొక చెట్టునీడను పులిహోర విప్పితిమి. 1565 యుద్ధమున ఓడిన విజయనగరపు రాజులు తలదాచుకొని మరల కొలువు తీర్చిన కొండ అది. పైకెక్కి చూడవలెనని మేమంటిమి. ఇరువది నిమిషములలో తినుట ముగింపవలెనని మా వారనిరి. ఈ యాత్రలో మాకు తీరని లోటు ఇదియే: చూచినవన్నియు ఎడమనో కుడినో జరిగిపోవుచుండెను. లేపాక్షి దారి చూపు పలక వద్దకూడ ఆగలేదు.

కన్నడ దేశపు సరిహద్దు దాటగానే మొదటి బంకులో ట్యాంకు నింపిరి. అప్పుడు అచ్చట లీటరునకు మన ధరకంటె ఎనిమిది రూపాయలకు పైగా తక్కువగ నుండెను. బాగేపల్లిలో పెట్రోలు పోసిన కుర్రవాడు మాతో తెలుగులోనే మాటలాడెను. చిక్కబళ్లాపురము దాటునపుడు నందికొండలు కనబడినవి. ఉదయము ఇసుకగ చూచిన పెన్న పుట్టినది ఆ కొండల ప్రాంతముననే. అచ్చట పుట్టి ఉత్తరమునకు పోయి, అనంతపురపు సీమలో తూర్పునకు తిరిగి, కడప మీదుగ నెల్లూరు చేరి సముద్రమున కలియును. ఆ నది యెంత చుట్టు తిరిగినదో, మేమును అంత చుట్టు తిరుగుచుంటిమి. ఈ మాట మా వారితో చెప్పుటకు ముందుకు వంగి, వంగినది వంగినట్లే కునికితిమి. మా హెల్మెట్టు వారి హెల్మెట్టునకు టక్కున తగిలినది. అప్పుడు మధ్యాహ్నము రెండు కావచ్చెను. తెల్లవారుజామున వలెనే ఆ వేళయు దేహము సహజముగ మందగించునదట. వారు వెంటనే నిలిపి ముఖము కడిగించి, పది నిమిషములు నడిపించి, “నీవు పడిన నాకు తెలియదు సుమా” అనిరి.

మన స్త్రీలు పాడుకొను ‘ఊర్మిళాదేవి నిద్ర’ మీరందరు ఎరుగుదురు. లక్ష్మణుడు అడవిలో మేల్కొని యుండుటకు ఆమె యింటిలో పదునాలుగేండ్లు నిద్రించినది. ఆ సదుపాయము మోటారు సైకిలుపై లేదు. వెనుక భార్య ఎంత నిద్రపోయినను ముందున్న భర్త లెక్కలో ఒక్క నిమిషమైన జమకాదు.

బెంగుళూరును గూర్చి వ్రాయుటకేమియు లేదు. గంటన్నర పొగ త్రాగితిమి. హోసూరు, కృష్ణగిరి దాటి తూర్పునకు తిరుగగానే ప్రొద్దు మా వీపున పడి, మా నీడ మాకు ముందు పరుగిడుచుండెను. ఆంబూరు వద్ద తోళ్ల వాసన. వేలూరు దాటునప్పటికి దీపములు వెలిగినవి. 1806లో సిపాయిలు తిరుగబడిన కోట ఆ ఊరిలో నుండగా దాని గోడయైన చూడకుండ పోయితిమి. ఆర్కాటు వద్ద పాలారు చీకటిలో దాటితిమి. శ్రీపెరుంబుదూరు ప్రాంతమున, ఇది మన బండి పుట్టిల్లని మా వారు చేయి చూపిరి. 1955లో ఎన్‌ఫీల్డు ఇండియా సంఘము మదరాసులో ఏర్పడినది మొదలు బులెట్లు ఆ సీమలోనే తయారగుచున్నవి. పుట్టింటి గాలి సోకినందుననో యేమో, బండి చక్కగ పరుగిడెను.

చెన్నపట్టణపు బయటి దారిని పుళల్ చేరి పెట్రోలు పోయించుకొనునప్పటికి రాత్రి 8-30 అయినది. అచ్చట మా వారు లోపలి జేబునుండి రసీదులన్నియు తీసి సర్దుకొనుచుండగా, వానితో నొక కాగితము బయటపడెను. అది సంఘమువారి సాక్షిపత్రము. బయలుదేరిన దినము, వేళ, బండి తిరిగిన కిలోమీటర్లు, క్రింద మా యెదురింటి విశ్రాంత తపాలా ఉద్యోగిగారి సంతకము.

“24 గంటల మాట విడిచితిమి గదా?” అంటిమి.

“విడిచినది నీవు. నేను వాయిదా వేసితిని” అనిరి.

వారి ముఖమున దొరికిపోయిన బడిపిల్లవాని సిగ్గును, దానితో కూడ నొక యాశయు కనబడెను. “ఇంకను 435 కిలోమీటర్లు. నాలుగున్నర గంటలు కలవు. గంటకు 97 చొప్పున పోయినచో 1 గంటకు బెజవాడలో నుందుము. బండి పోగలదు. నీ పేరున కూడ పత్రము వచ్చును.”

మాకు ఆశ లేదని చెప్పినచో అబద్ధమగును. పెండ్లియైన పదునాలుగేండ్లలో మా పేరున వచ్చిన కాగితములు రేషను కార్డు, ఓటరు కార్డు మాత్రమే. ఒక్క క్షణము ఆ పత్రము ముందుగదిలో, వారి పట్టా ప్రక్కను, చట్రములో కనబడినది.

“చట్టము 80 అనుచున్నది” అంటిమి.

“రాత్రి దారి ఖాళీగ నుండును.”

“దారి కాదండీ, మీ కన్నులు ఖాళీగ నున్నవి.”

ప్రయాణమునకు ముందు మేము చదివిన సంగతి యొకటి అప్పుడు చెప్పితిమి. 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు ‘నేచర్’ పత్రికలో ప్రకటించిన దానినిబట్టి, 17 గంటలు ఎడతెగక మేల్కొనియున్నవాని చురుకుదనము రక్తములో 0.05 శాతము మద్యము గలవాని దానితో సమానమగును. ఒక దినమంతయు మేల్కొన్నచో 0.10 శాతము గలవానితో సమానమగును. మన దేశములో 0.03 శాతము దాటినవానికి బండి నడుపు హక్కు లేదు. మేము లేచి అప్పటికి ఇరువదియొకటిన్నర గంటలు. జన్మలో సారాయి ముట్టనివానిని తాగుబోతుతో పోల్చెదవా యని వారికి కోపము వచ్చెను. కాగితము మడిచి జేబులో పెట్టుకొని, మాటలేక బండి ఎక్కిరి. మేమును ఎక్కితిమి. పాపను తలచుకొని వారి నడుము గట్టిగ పట్టుకొంటిమి.

అచ్చటినుండి సూళ్లూరుపేటకు సుమారు 70 కిలోమీటర్లు. వారు 60 దాటలేదు. ఆరంబాకము సమీపమున దీపములేని చెరుకులారీ యొకటి దారిప్రక్క నిలిచియుండగా, బండి తృటిలో కుడికి ఒరిగి దానిని తప్పించుకొని పోయెను. కోపములోకూడ ఎంత నేర్పు అని మనసులో మెచ్చుకొంటిమి. 10 గంటలకు ముందుగ మాటలాడియుంచిన వసతి గృహము చేరితిమి. బూటు ఒకటి విప్పి, రెండవది విప్పకుండనే వారు నిద్రపోయిరి. రెండవది మేము విప్పితిమి.

మరునాడు తెల్లవారుజామున 4 గంటలకు లేచి ముఖములు కడుగుకొనుచు, ఆ లారీ మాట యెత్తితిమి. ఏ లారీ యనిరి. చెరుకు లారీ, దీపము లేనిది, ఆరంబాకము దగ్గర అంటిమి. వారు తువాలు చేతబట్టుకొని చాలసేపు ఊరకుండిరి. గుమ్మిడిపూండి పలక చూచుట గురుతు కలదట. ఆ తరువాత ఈ గృహపు దీపము గురుతు కలదట. నడుమ తడ ఎప్పుడు దాటితిమో, ఆంధ్రదేశమున ఎప్పుడు ప్రవేశించితిమో వారికి తెలియదు.

ఆ మాట విని మాకు కాళ్లు వణకినవి. ముందురాత్రి వాదములో గెలిచితిమను గర్వముతో పండుకొంటిమి గదా, గెలిచినదేమి? మేము 97ను కాదంటిమి గాని 60ని కాదనలేదు. 60 చొప్పున పోవు బండి నాలుగు సెకండ్లలో 66 మీటర్లు పోవును. ఆ నాలుగు సెకండ్లు కన్నులు తెరచియుండియే మనసు నిద్రపోవచ్చును. పుళల్‌లోనే, ఆ బంకు అరుగుమీదనైన, వారిని పండుకొనబెట్టవలసినది. వేగమును గూర్చి అంత చదివిన మేము, కూర్చున్నవాని నిద్రను కనిపెట్టలేకపోతిమి. వారు మమ్ము ఒక్కమాటయు అనలేదు. మేమును అనలేదు. అచ్చటనే నిలువబడి, ఇకముందు ఇద్దరిలో ఎవరు ఆపుమన్నను రెండవవారు కారణ మడుగరాదని ఒప్పుకొంటిమి. పుళల్ చేరకముందే యిట్టి ఒప్పందము కలదనుకొన్నారు మా వారు. కలదు గాని కారణ మడుగుదురను మెలిక దానిలో నుండిపోయెను.

4-30కి బయలుదేరితిమి. నేలపట్టులో గూడబాతులు కడపచెట్లపై గూళ్లు కట్టుకొను చెరువు ఆ దారిప్రక్కనే యున్నది, చీకటిలో కనబడలేదు. నాయుడుపేట మొదలు ఊరూర భోగిమంటలు. రహదారికి దూరముగ పొలములకావల ఎఱ్ఱని చుక్కలు, దగ్గరగ వచ్చినపుడు చుట్టు నిలిచిన పిల్లలు, దుప్పట్లు కప్పుకొన్న ముసలివారు. గూడూరు సమీపమున నొక మంటవద్ద ఆగి చేతులు కాచుకొంటిమి. ఎచ్చటినుండి వచ్చుచున్నారమ్మా యని ఒక ముసలమ్మ అడిగెను. బెజవాడనుండి బెజవాడకు పోవుచున్నామంటిమి. ఆమె మా ముఖము, మా వారి ముఖము చూచి, వేడినీళ్లు తెచ్చి యిచ్చెను గాని మరేమియు అడుగలేదు.

నెల్లూరు వద్ద పెన్నను మరల చూచితిమి. అప్పుడే తెల్లవారుచుండెను. పామిడిలో ఇసుకచాలుగ నుండినది ఇచ్చట విశాలమై, మంచు పొగలో ఆవలి ఒడ్డు కనబడక, నిజముగ నదివలె నుండెను. తిక్కన సోమయాజి భారతమును రచించిన ఊరు. ఈ సారి మేము అడుగకుండనే మా వారు బండి నిలిపిరి. వంతెన దాటిన పిమ్మట ఒక పావుగంట ఊరక నిలువబడితిమి. యాత్ర మొత్తములో చూడవలెనని ఆగి చూచినది అది యొక్కటే.

ఒంగోలు, చిలకలూరిపేట, గుంటూరు వేగముగ గడచినవి. కనకదుర్గ వారధిపై కృష్ణను దాటి, బయలుదేరిన బంకు చేరునప్పటికి 10-40. మొత్తము 33 గంటల 40 నిమిషములు. బండి తిరిగిన లెక్క 1648 కిలోమీటర్లు. ఎదురింటి తాతగారు కలము పట్టుకొని గుమ్మములోనే కూర్చుండియుండిరి. రాత్రి 1 గంటకు లేచి మా కొరకు చూచిరట. చేరిన వేళకు సాక్షి సంతకము పెట్టెదననిరి. అక్కరలేదని మా వారు కాళ్లకు నమస్కరించిరి. సాయంకాలము పాపకు భోగిపండ్లు పోయునపుడు మాకు చేయి పైకెత్తుట కష్టమయ్యెను. నడుము మూడు దినములు పట్టివేసినది. అత్తగారు ఆముదము కాచి రాచిరి. అప్రదక్షిణము మాట మరల ఎత్తలేదు.

ఆ వేసవిలో బడి మైదానములో మేము మోటారు సైకిలు నేర్చుకొంటిమి. మూడుసార్లు పడితిమి, ఒకసారి పిల్లలందరు చూచుచుండగా. వర్షాకాలమునకు ముందు లైసెన్సు చేతికి వచ్చినది. మా పేరున వచ్చిన కాగితములలో అది మూడవది. సగము వ్రాసిన ఆ సాక్షిపత్రము అరణ్యపర్వములో, బాహుకుని కథవద్ద గురుతుగ నున్నది. మరల పోయినచో రెండు బండ్లు కావలెనా, ఒకే బండిపై వంతులవారీగ నడుపవలెనా యను విషయమై ఇంటిలో ఇప్పుడు వాదము నడచుచున్నది. రాత్రి వంతు ఎవరిదో ఇంకను తేలలేదు.